నక్షత్రముల బరువు, వెలుగు

వైశాఖ మాసము చివర, రాత్రి పదకొండు గంటల ప్రాంతమున, ఆరుబయట మంచము వేసికొని ఇంకను నిద్రపట్టనివారు ఒకసారి దక్షిణపు దిక్కునకు చూతురుగాక. చెట్లు గాని మేడలు గాని అడ్డము లేనిచోట, క్షితిజమునకు పదునొకండు మొదలు పదునాలుగు డిగ్రీల ఎత్తున మాత్రమే, ప్రక్కప్రక్కన రెండు కాంతివంతములైన తారలు కనబడును. వానిలో ఎడమవైపు నున్నది ఆల్ఫా సెంటారై. సూర్యుని విడిచినచో, మన కంటికి కనబడు తారలలో మనకు మిక్కిలి దగ్గరి చుట్టము అదియే. దాని దూరము 4.37 కాంతి సంవత్సరములు.

1689వ సంవత్సరము డిసెంబరులో, పుదుచ్చేరిలో నున్న జాన్ రిషో అను ఫ్రెంచి క్రైస్తవ గురువు, ఒక తోకచుక్కను చూచుటకై దూరదర్శినిని దక్షిణాకాశమునకు త్రిప్పెను. తోకచుక్కను చూచుచు, దారిలో నున్న ఈ తారను కూడ చూచెను. అది ఒక తార కాదు, రెండు తారలని గ్రహించెను. మన సముద్రతీరమున కనుగొనబడిన ఈ చిన్న విశేషము యొక్క విలువ ఆనాడు ఆయనకు తెలియుటకు అవకాశము లేదు. జంటగా నున్న తారలనే మానవుడు తూచగలడు. ఒంటరిగా నున్న తారను తూచుటకు సూటియైన త్రాసు దాదాపు లేదనవచ్చును.

త్రాసు అనగానే తక్కెడ మనస్సునకు వచ్చును. ఇది తక్కెడ వంటిది కాదు. మన ఇండ్లలో బాలికలు ఒప్పులకుప్ప ఆడుట అందరును చూచియే యుందురు. ఇద్దరు చేతులు పెనవేసికొని, వెనుకకు వాలి, గిరగిర తిరుగుదురు. ఇద్దరును సమానమైన బరువు గలవారైనచో వారి చేతుల నడిమి చోటు కదలక నిలుచును. ఒకతె బొద్దుగాను, మరియొకతె సన్నగాను ఉన్నచో, బొద్దుపిల్ల దాదాపు నిలిచినచోటనే తిరుగును. సన్నపిల్ల పెద్ద చుట్టు చుట్టవలసి వచ్చును. ఆటను దూరమునుండి చూచువాడు, ఆ చుట్టుల వెడల్పులను కొలిచినచాలును, ఎవరు ఎవరికంటె ఎన్నిరెట్లు బరువో చెప్పగలడు. జంట తారల విషయమును ఇంతియే. అచట చేతులకు బదులు గురుత్వాకర్షణ ఉన్నది. వేగముగా తిరిగినకొలది ఆ పట్టు బలమైనదని అర్థము. పట్టు బలమైనకొలది తారల ద్రవ్యరాశి అధికమని అర్థము.

లెక్క కూడ కష్టమైనది కాదు. ఆల్ఫా సెంటారైలోని రెండు తారల నడుమనున్న సగటు దూరము, భూమికిని సూర్యునికిని గల దూరమునకు 23.3 రెట్లు. అవి ఒకదానిచుట్టు ఒకటి తిరిగి వచ్చుటకు పట్టుకాలము 79.8 సంవత్సరములు. దూరమును దానితోనే రెండుమార్లు గుణించినచో సుమారు 12,650 వచ్చును. కాలమును దానితోనే ఒకమారు గుణించినచో సుమారు 6,370 వచ్చును. మొదటిదానిని రెండవదానిచే భాగింపగా దాదాపు 2. అనగా ఆ రెండు తారల మొత్తము బరువు ఇద్దరు సూర్యుల బరువు. దానిని పంచినచో పెద్దదానికి 1.08, చిన్నదానికి 0.91 వచ్చును.

ఇక వెలుగు. కంటికి కనబడు వెలుగు వేరు, తార నిజముగా విడుచు వెలుగు వేరు. ఇంటి వాకిట నున్న ప్రమిద, దూరపు స్టేషనులోని పెద్ద దీపముకంటె ఎక్కువగా వెలుగుచున్నట్లు తోచవచ్చును. దూరము తెలిసిననే గాని తార యొక్క నిజమైన వెలుగు తెలియదు. ఈ నిజమైన వెలుగునే మేము ఈ ప్రసంగమున తేజస్సు అని పిలిచెదము. ఆల్ఫా సెంటారై దూరమునకు ఆధారమైన కొలతలను థామస్ హెండర్సన్ 1832, 1833 సంవత్సరములలో ఆఫ్రికా దక్షిణపు కొననుండి తీసికొనెను, 1839లో ప్రకటించెను. దూరము తెలియగానే తేజస్సు లెక్కకు వచ్చినది. సూర్యుని తేజస్సు 1 అనుకొన్నచో, ఆ జంటలో పెద్దదానిది 1.5, చిన్నదానిది 0.5.

ఇచట ఒక్క క్షణము ఆగవలెను. రెండు తారల బరువులకు గల తేడా ఐదవ వంతుకూడ లేదు. వెలుగులకు గల తేడా మూడు రెట్లు. బరువులో ఇంత చిన్న తేడా వెలుగులో ఇంత పెద్ద తేడాను ఏల తెచ్చినది? శీతకాలపు రాత్రులలో అన్ని తారలకంటెను మిన్నగా మెరయు లుబ్ధకమును, అనగా సిరియస్‌ను, తీసికొందము. అదియు జంటతారయే. అందులోని పెద్దదాని బరువు రెండు సూర్యుల బరువుకు కొంచెము పైన. తేజస్సు మాత్రము ఇరువదియైదు సూర్యుల తేజస్సు. ఇంకొక ప్రక్కకు పోదము. 13 కాంతి సంవత్సరముల దూరమున క్రూగర్ 60 అను మినుకుమినుకుమను ఎఱ్ఱని జంట కలదు. అందులోని పెద్దదాని బరువు సూర్యునిలో నాలుగవ వంతుకు స్వల్పముగా ఎక్కువ. తేజస్సు మాత్రము నూరవ వంతు.

ఈ అంకెలనుండి పుట్టిన సూత్రము ఇది: సూర్యునివంటి తారలకు, బరువును నాలుగుమార్లు వేసి గుణించిన తేజస్సు వచ్చును. ఆల్ఫా సెంటారై పెద్దదానికి 1.08ను ఇట్లు గుణింపగా 1.36 వచ్చును, చిన్నదానికి 0.69; లుబ్ధకమునకు 18. కొలిచి తెలిసికొన్న విలువలు వరుసగా 1.5, 0.5, 25. సరిగా సరిపోలేదు గదా అని శ్రోతలు అనవచ్చును. నిజమే. కాని అనుభవముగల ధాన్యపు వర్తకుడు కళ్లములోని రాశిని చూచి ఇన్ని పుట్లని అంచనా కట్టుటలో నున్న తేడా ఇంతకంటె తక్కువ ఉండునని మేము అనుకొనము. ఆకాశములో కోట్ల కోట్ల మైళ్ల దూరముననున్న మంటను గూర్చి ఒకటిన్నర రెట్లకు లోబడి చెప్పగలుగుట సామాన్యము కాదు. మిక్కిలి చిన్న తారలకు సూత్రము కొంచెము మారును. వానిలో పదార్థము మరుగుచున్న గంజివలె అడుగునుండి పైవరకు కలియబడుచుండును గనుక వెలుగు అంత వేగముగా తగ్గదు. సూర్యునికి ఏబది రెట్లకు మించిన మహాభారముగల తారలలో, బరువు రెట్టింపైన వెలుగును సుమారు రెట్టింపే అగును. మధ్యనున్న తారలే నాలుగుమార్ల గుణకారమునకు, లేక దానికి దగ్గరగా మూడున్నర మార్ల గుణకారమునకు లోబడును.

అంకెలను చూచి సూత్రము చెప్పుట ఒక ఎత్తు. కారణము చెప్పుట మరొక ఎత్తు. బరువుకును వెలుగుకును సంబంధము కలదని 1911లో హామ్, 1923లో హెర్ట్స్‌స్ప్రుంగ్ గుర్తించిరి. అది అట్లేల ఉండవలెనో 1924లో చెప్పినవాడు కేంబ్రిడ్జిలోని ఆర్థర్ ఎడింగ్టన్.

ఆయన ఆలోచనను లెక్కలు లేకుండ చెప్పుటకు ప్రయత్నింతుము. తార యనునది పెద్ద వాయుగోళము. దాని బరువు దానిని లోపలికి నొక్కుచుండును. ఆ ఒత్తిడికి ఓర్చి నిలువవలెనన్న లోపలి వాయువు మిక్కిలి వేడిగా ఉండవలెను. ఇప్పుడు గోళము పరిమాణమును మార్చక బరువును మాత్రము రెట్టింపు చేసితిమనుకొందము. నిలద్రొక్కుకొనుటకు లోపలి ఉష్ణోగ్రత రెట్టింపు కావలెను. వేడి రెట్టింపైనచో, లోపల నిండియున్న కాంతి రెట్టింపు కాదు, పదునారు రెట్లగును. ఆ కాంతి వెలుపలికి రావలెను. కాని అది నేరుగా రాలేదు. తిరునాళ్లలో తప్పిపోయిన బాలునివలె అడుగడుగునకు ఎవరినో ఒకరిని గ్రుద్దుకొనుచు, అటునిటు తిరుగుచు, ఏనాటికో ఒడ్డునకు చేరును. సూర్యునిలో నడిబొడ్డున పుట్టిన కాంతి ఉపరితలమునకు చేరుటకు వేలకొలది, లక్షకొలది సంవత్సరములు పట్టును. బరువు రెట్టింపైనచో గుంపు రెట్టింపు చిక్కనగును. కావున బయటపడుటకు రెట్టింపు కాలము పట్టును. పదునారు రెట్ల కాంతి, రెట్టింపు ఆలస్యము: మొత్తముమీద వెలుపలికి వచ్చు వెలుగు ఎనిమిది రెట్లు.

మంచిది, బరువును మార్చక గోళమును రెట్టింపు వెడల్పునకు ఉబ్బించితిమనుకొందము. లోపలి వేడి సగమగును. అందువలన ప్రతి ఘనపుటడుగులోని కాంతి పదునారవ వంతగును. కాని ఘనపుటడుగులు ఎనిమిది రెట్లైనవి. కావున లోపలి కాంతి మొత్తము సగమగును. దారి పొడవైనది, గుంపు పలుచనైనది. ఈ రెండింటి ఫలితముగా కాంతి బయటపడుటకు పట్టుకాలము కూడ సగమే అగును. సగము కాంతి, సగము కాలములో వచ్చుచున్నది. వెలుగు మారలేదు! ఈ లెక్కను మేము మొదటిసారి కాగితముపై వేసి చూచినప్పుడు, గోళము యొక్క వెడల్పు ఎక్కడ జారిపోయినదో తెలియక రెండుమార్లు తిరిగి వేసితిమి. అది జారిపోలేదు, కొట్టివేయబడినది. తార ఎంత పెద్దదైనను, ఎంత చిన్నదైనను, దాని వెలుగును ముఖ్యముగా నిర్ణయించునది బరువే. తార లోపలి వేడి పెరిగినకొలది కాంతికి అడ్డము కూడ కొంత తగ్గును గనుక, మన లెక్కలోని మూడుమార్ల గుణకారము ప్రకృతిలో మూడున్నర, నాలుగు వరకు పోవును.

ఎడింగ్టన్ ఈ గీతను గీచినది పలుచని వాయువుతో కూడిన మహాతారల కొరకు. బ్రహ్మహృదయమను కాంతిమంతమైన జంటతారను ఆధారముగా తీసికొని గీతను నిలిపెను. సూర్యునివంటి తారలు ఆ గీతపై పడవని ఆయన నమ్మకము. ఏలయన సూర్యుని సగటు సాంద్రత నీటికంటె 1.4 రెట్లు, నీటికంటె చిక్కనైనది వాయువువలె ప్రవర్తించునని ఎవరనుకొందురు? కాని బరువు తెలిసిన సామాన్య తారలను, క్రూగర్ 60ను కూడ, తీసికొనివచ్చి కాగితముపై గుర్తించినప్పుడు అవన్నియు ఆ గీతమీదనే పడినవి. తాను ఎదురుచూచినదానికి విరుద్ధముగా తన సిద్ధాంతమే గెలిచినది.

కారణము పరమాణువులో ఉన్నది. వాన కురియుచుండగా అంగడివీధిలో గొడుగులు విప్పుకొని నడచు జనమును తలచుకొనుడు. నూరుమంది చేరగానే వీధి నిండిపోవును, కదలుటకు చోటుండదు. గొడుగులు మూసినచో అదే వీధిలో వేయిమంది సులువుగా తిరుగవచ్చును. పరమాణువు చుట్టునున్న ఎలక్ట్రానుల పొరలు ఆ గొడుగువంటివి. తార లోపలి కోటి డిగ్రీలకు మించిన వేడిలో ఆ గొడుగులు చిరిగి ఎగిరిపోవును. మిగిలిన కేంద్రకములకును, విడిపోయిన ఎలక్ట్రానులకును చోటు కావలసినంత ఉండును. కావున నీటికంటె చిక్కనైనను సూర్యుడు వాయువే.

ఈ సిద్ధాంతమును అందరును ఒప్పుకొనలేదు. జేమ్స్ జీన్స్ గట్టిగా ఎదిరించెను. తార లోపల శక్తి ఎట్లు పుట్టుచున్నదో తెలియకుండ దాని వెలుగును లెక్కకట్టుట ఎట్లు సాధ్యమని ఆయన ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. 1924లో ఆ కొలిమి రహస్యము ఎవ్వరికిని తెలియదు. అది హాన్స్ బేతే చేతిలో 1939లో గాని విప్పబడలేదు. దీనికి సమాధానమును మన చెరువులలో చూడవచ్చును. తూమునుండి ఎంత నీరు పోవుచున్నదో చెప్పుటకు చెరువులోనికి ఏ వాగు వచ్చుచున్నదో తెలియనక్కరలేదు. నీటిమట్టమును, తూము వెడల్పును తెలిసినచాలును. తార లోపలి వేడి నీటిమట్టము. పదార్థము కాంతిని ఆపు శక్తి తూము. ఒక్క భేదమున్నది. చెరువులో రాబడి తగ్గినచో మట్టము పడిపోవును. తారలో కొలిమి మందగించినచో తార ముడుచుకొనును, ముడుచుకొనగా నడిబొడ్డు వేడెక్కును, వేడెక్కగా కొలిమి రగుల్కొనును. కారిపోవుచున్నంత శక్తిని కొలిమియే సమకూర్చుకొనును. జీన్స్ ప్రశ్న మంచిదే కాని, విజయము ఎడింగ్టన్‌దే అయినది.

అయినను ఎడింగ్టన్ లెక్కలో ఒక ముల్లు మిగిలిపోయినది. తార పదార్థము కాంతిని ఎంతగా ఆపునో హాలండు దేశపు క్రామర్స్ 1923లో సిద్ధాంతరీత్యా లెక్కించెను. ఆ విలువను వేసినచో తారలు తాము నిజముగా వెలుగుచున్నదానికంటె పదిరెట్లు వెలుగవలెను. పదిరెట్ల తప్పును కంటికి కనబడని పొరపాటుగా త్రోసివేయుటకు వీలులేదు. ఆ ముల్లును తీసిన కథలో మన దేశపు మేఘనాద్ సాహాకు పాత్ర కలదు. ఆనాడు పాతికేండ్లైనను నిండని ఒక స్త్రీకి అంతకంటె పెద్ద పాత్ర కలదు.

వేడిలో పరమాణువులు ఎలక్ట్రానులను ఎంతవరకు కోల్పోవునో చెప్పు సమీకరణమును సాహా 1920లో ప్రకటించెను. దాని సహాయముతో తారల వర్ణపటములను చదివి, ఏ మూలకము ఎంత ఉన్నదో చెప్పవచ్చును. అమెరికాలోని హార్వర్డులో సిసీలియా పేన్ ఆ పని చేసి 1925లో తన పరిశోధన గ్రంథమును సమర్పించెను. అందరును తారలు భూమివలె ఇనుము మున్నగు బరువైన మూలకములతో నిండియున్నవని అనుకొనుచున్న రోజులవి. పేన్ లెక్కలో ఉదజని తక్కిన మూలకములకంటె ఎన్నియో వేలరెట్లు అధికముగా వచ్చినది. ఆ కాలపు పెద్ద ఖగోళజ్ఞుడైన హెన్రీ నోరిస్ రసెల్ ఇది అసంభవమనెను. ఆమె తన ఫలితము నిజము కాకపోవచ్చునని తన గ్రంథములోనే వ్రాసికొనవలసి వచ్చినది. నాలుగు సంవత్సరముల తరువాత, 1929లో, రసెలే వేరొక మార్గమున ఆ నిర్ణయమునకు వచ్చెను. పెద్దల మాటకు తలయొగ్గి సరియైన లెక్కను తప్పని వ్రాసికొనుట ఎంత బాధాకరమో, లెక్క కట్టినవారికే తెలియును.

ఈ ఉదజనికిని పదిరెట్ల తప్పునకును ఏమి సంబంధము? ఇనుమువంటి బరువైన మూలకము చితికిపోయినప్పుడు ఒక్కొక్క కణమునకు సగటున రెండు పాళ్ల బరువు వచ్చును. ఉదజని చితికినప్పుడు ఒక పాలు బరువును రెండు కణములు పంచుకొనును. ఒక్కొక్క కణమునకు అర పాలే. కణములు ఎక్కువైనచో తక్కువ వేడితోనే బరువును మోయవచ్చును. బండెడు బస్తాలను ఇద్దరు మోయుటకును నలుగురు మోయుటకును తేడా లేదా? వేడి తగ్గినచో వెలుగు తగ్గును. అదియు నాలుగుమార్ల గుణకారముతో తగ్గును. కణము సగటు బరువు రెండునుండి ఒకటికి దిగినచో వెలుగు పదునారవ వంతగును. 1932లో ఎడింగ్టన్, డెన్మార్కు దేశపు స్ట్రోమ్‌గ్రెన్ ఎవరికివారు ఈ మార్గమున పోయి, తార లోపల బరువులో మూడవవంతు ఉదజని ఉన్నచో లెక్క కుదురునని చూపిరి. సూర్యుడు పుట్టినప్పుడు అతని పదార్థములో ఉదజని బరువు నూటికి డెబ్బది పాళ్లకు పైననే యుండెనని ఇప్పటి లెక్క. పేన్ మొదటనే సరిగా చెప్పినది.

ఈ కణము బరువు సంగతి మన ఇంటివరకు వచ్చును. సూర్యుని కొలిమిలో నాలుగు ఉదజని కేంద్రకములు కలిసి ఒక హీలియము కేంద్రకమగుచున్నవి. కణముల సంఖ్య తగ్గుచున్నది. కణము సగటు బరువు పెరుగుచున్నది. కావున సూర్యుని బరువు మారకున్నను అతని వెలుగు నెమ్మదిగా పెరుగుచున్నది. 460 కోట్ల సంవత్సరముల క్రిందట పుట్టినప్పుడు అతని తేజస్సు నేటిదానిలో నూటికి డెబ్బది వంతులే. ఇంకొక నూరు కోట్ల సంవత్సరములలో నూటికి పది వంతులు పెరుగును. ఆ పెరుగుదలకే భూమిపై సముద్రములు నిలువజాలవని శాస్త్రజ్ఞుల అంచనా. సూర్యుని ఇంధనము తీరుటకు ఇంకను ఐదు వందల కోట్ల సంవత్సరములు ఉన్నది గదా అని ధైర్యము చెప్పుకొనువారు ఈ సంగతిని గమనింపవలెను. దీపములో నూనె ఉండగనే ఇల్లు కాలిపోవచ్చును. అయినను నూరు కోట్ల సంవత్సరములు స్వల్పకాలము కాదు. ఈ రాత్రి నిద్రకు భంగము కలుగనక్కరలేదు.

బరువైన తారల ఆయువు చిత్రమైనది. సూర్యుని మొత్తము ఆయువు వేయికోట్ల సంవత్సరములు. సూర్యునికి పదిరెట్లు బరువైన తారకు ఇంధనము పదిరెట్లు. ఖర్చు మూడువేల రెట్లకు పైన. అది సుమారు మూడు కోట్ల సంవత్సరములలో తన ఆస్తినంతయు హరించుకొనును. సూర్యునిలో సగము బరువు గలది మాత్రము పదునారవ వంతు ఖర్చుతో గడుపుచు, ఎనిమిది వేల కోట్ల సంవత్సరములు బ్రతుకును. విశ్వము వయస్సు 1380 కోట్ల సంవత్సరములు మాత్రమే. కావున అటువంటి తార ఒక్కటియు వృద్ధాప్యముచేత ఇంతవరకు చనిపోలేదు.

సూత్రమునకు లోబడనివారు లేకపోలేదు. స్వాతి నక్షత్రము బరువు దాదాపు ఆల్ఫా సెంటారై పెద్దతారకు సమానము; తేజస్సు నూట డెబ్బది సూర్యులంత. అది నడిబొడ్డులోని ఉదజనిని ముగించుకొని ఉబ్బిపోయిన ముసలి తార. దాని నిర్మాణమే మారిపోయినది గనుక మన లెక్క దానికి చెల్లదు. రెండవ అపవాదము లుబ్ధకము పొరుగుననే ఉన్నది. లుబ్ధకము ఆకాశములో తిన్నగా నడువక ఊగుచున్నదని 1844లో బెస్సెల్ ప్రకటించెను. కంటికి కనబడని తోడు ఒకటి దానిని లాగుచున్నదని ఊహించెను. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్, తాము క్రొత్తగా చేసిన దూరదర్శిని కటకమును పరీక్షించుచు ఆ తోడును చూచెను. దాని బరువు సూర్యునంత, ఒడ్డుపొడవులు భూగోళమంత, కంటికి కనబడు వెలుగు సూర్యునిలో కొన్ని వందల వంతులలో ఒకటి. అది శ్వేత కుబ్జము. దానిలో కొలిమి చల్లారినది. దానిని నిలబెట్టుచున్నది వేడి కాదు, ఇమిడిపోయిన ఎలక్ట్రానుల ఒత్తిడి. అట్టి తార బరువు సూర్యునికి 1.4 రెట్లను మించజాలదని చెప్పినవాడు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1935లో ఆ మాటను నిండుసభలో కాదన్నవాడు ఈ ఎడింగ్టనే. తనవంటి సాహసమునే మరొకరు చేసినప్పుడు ఆయన గుర్తింపలేకపోయెను. చంద్రశేఖర్‌కు 1983లో నోబెల్ బహుమానము వచ్చినది.

తూచుటకు జంటలు కావలెనంటిమి. కొన్ని జంటలు ఎంత దగ్గరగా ఉండునన్న, ఏ దూరదర్శినిలోను విడిగా కనబడవు. పెండ్లిలో అరుంధతిని చూపునప్పుడు ప్రక్కననే కనబడు వసిష్ఠుడు అటువంటివాడు. ఆ తారలోని పెద్ద భాగము కూడ జంటయేయని 1889లో వర్ణపటము వలన తెలిసినది. ఆ జంట ఇరువదిన్నర రోజులలో ఒక చుట్టు తిరుగును. మరికొన్ని జంటలు ఒకదాని నొకటి కప్పుకొనుచు గ్రహణములు పట్టించుకొనుచుండును. వెలుగు తగ్గుట, పెరుగుట చూచి వాని పరిమాణములు, వర్ణపటము చూచి బరువులు గట్టవచ్చును. హైదరాబాదునకు చేరువ జపాల్–రంగాపురము వద్ద ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు 1968లో నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శినితో ఇట్టి గ్రహణతారల పరిశీలన చాలకాలము జరిగినది. తూకపు రాళ్లను సరిచూచు పని అది. పేరు తక్కువ, ప్రయోజనమెక్కువ.

సరిచూచిన ఆ రాళ్లతోనే ఒంటరి తారలను తూచుచున్నారు. జంటలవలన బరువుకును వెలుగుకును గల లెక్క స్థిరపడినది గనుక, ఇప్పుడు వెలుగును చూచి బరువును వెనుకకు రాబట్టవచ్చును. దీనికి మంచి ఉదాహరణ మనము మొదట చూచిన చోటనే ఉన్నది. ఆల్ఫా సెంటారైకి రెండు డిగ్రీలకు కొంచెము పైగా దూరమున, కంటికి కనబడనంత మసకగా, ప్రాక్సిమా అను ఎఱ్ఱని చిన్నతార కలదు. ఇన్నెస్ దానిని 1915లో దక్షిణాఫ్రికాలో కనుగొనెను. అది ఆ జంటకు మూడవ తోడు. వారిచుట్టు ఒకమారు తిరిగి వచ్చుటకు దానికి సుమారు ఐదున్నర లక్షల సంవత్సరములు పట్టును. ఒప్పులకుప్ప చూచి తూచవలెనన్న అంతకాలము ఎవరు కూర్చుందురు? కావున దాని వెలుగును కొలిచి, బరువు సూర్యునిలో ఎనిమిదవ వంతని అంచనా కట్టిరి.

2016లో ఆ ప్రాక్సిమా కొద్దికొద్దిగా ఊగుచున్నదని, దానిని ఒక గ్రహము పదకొండు రోజుల కొకసారి చుట్టుచున్నదని తెలిసినది. ఊగుటనుబట్టి గ్రహము బరువు చెప్పవలెనన్న ముందు తార బరువు తెలియవలెను. ప్రాక్సిమా బరువు మన అంచనాకు రెట్టింపైనచో గ్రహము బరువును ఒకటిన్నర రెట్లకు పైగా పెంచవలసి వచ్చును. ఇప్పటి అంచనా ప్రకారము ఆ గ్రహము కనీసపు బరువు భూమి బరువునకు కొంచెము మాత్రమే ఎక్కువ. 2018లో, వెనుకనున్న మరొక తార వెలుగును ప్రాక్సిమా తన ఆకర్షణచే ఎంత వంచుచున్నదో కొలిచి, దాని బరువును వేరు దారిన తూచిరి. వచ్చిన విలువ 0.15. అందులో అటునిటు తేడాకు చాల చోటున్నది. వెలుగునుబట్టి కట్టిన 0.12 ఆ చోటులోనే ఇమిడినది.